ప్రశ్నలు ఇస్తే జవాబులు వస్తున్నాయి, కథ రావడం లేదు: ఏడో తరగతికి కథనం నేర్పడంలో సలహా కావాలి

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయిని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ప్రకాశం జిల్లా

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

నేను ఆరు నుంచి తొమ్మిది తరగతుల వరకు తెలుగు బోధిస్తున్నాను. మన పాఠ్యపుస్తకాల్లో పాఠాల చివర వ్యక్తీకరణ–సృజనాత్మకత కింద కథ రాయమని, అనుభవాన్ని రాయమని, సంఘటనను వర్ణించమని అడుగుతున్నారు. వ్యాసం రాయించడానికి మనకు అలవాటైన పద్ధతి ఒకటి ఉంది కానీ, జరిగిన సంగతిని చదివేవారికి కళ్ళకు కట్టేలా రాయించడం ఎలాగో నాకు స్పష్టమైన దారి దొరకడం లేదు.

ఏడో తరగతి పిల్లలకు ‘మా ఊరి తిరునాళ్ళలో జరిగిన ఒక సంఘటన’ అనే అంశం ఇచ్చాను. ఏ సూచనా లేకుండా రాయమన్నప్పుడు చాలామంది ఇలా రాశారు: “మా ఊళ్ళో తిరునాళ్ళ జరిగింది. నేను మా నాన్నతో వెళ్ళాను. ప్రభలు చూశాను. రంగులరాట్నం ఎక్కాను. జీళ్ళు కొనుక్కున్నాను. చాలా సంతోషంగా అనిపించింది.” అక్కడితో కలం ఆగిపోయింది. తరువాతి వారం నల్లబల్ల మీద ఆరు ప్రశ్నలు రాశాను. తిరునాళ్ళ ఎప్పుడు జరిగింది? ఎవరితో వెళ్ళావు? ఏమేమి చూశావు? ఏమేమి కొన్నావు? ఏ సంఘటన జరిగింది? నీకు ఎలా అనిపించింది? ఈసారి రాత పొడవు పెరిగింది. అయితే ప్రతి పుస్తకంలోనూ ఆరు జవాబులు అదే వరుసలో ఉన్నాయి. అన్నీ ఒక్కచోట పెట్టి చదివితే ఒకే పిల్లవాడు పేర్లు మార్చి రాసినట్టు ఉంది.

నన్ను ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. మధ్యాహ్న భోజన సమయంలో ఒక అమ్మాయి తన చెల్లెలు తిరునాళ్ళ జనంలో తప్పిపోయి మళ్ళీ దొరికిన సంగతిని స్నేహితురాళ్ళకు చెబుతోంది. చుట్టూ కూర్చున్నవాళ్ళు చేతిలో ముద్ద మరచిపోయి విన్నారు. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో మాత్రం చెల్లెలి ఊసే లేదు. ఎవరితో వెళ్ళావన్న ప్రశ్నకు “మా కుటుంబంతో వెళ్ళాను” అని ఉంది.

కాబట్టి కథ రాయించడానికి ఎలాంటి ప్రశ్నలు ఇవ్వాలి, ఎన్ని ఇవ్వాలి, ఏ దశలో వాటిని మానేయాలి అన్నది అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.


సమాధానం 1: విశ్రాంత డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుడు, గుంటూరు

అమ్మా, నమస్కారం. మీరు నల్లబల్ల మీద రాసిన ఆరు ప్రశ్నలలో మొదటి నాలుగూ సమాచారాన్ని అడిగేవే. ఎప్పుడు, ఎవరితో, ఏమి చూశావు, ఏమి కొన్నావు అని అడిగితే పిల్లవాడు వివరాలు అప్పజెబుతాడు. అసలు కథంతా ఉండవలసిన చోటును “ఏ సంఘటన జరిగింది?” అనే ఒక్క ప్రశ్నతో ముగించారు. ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పవచ్చు కనుక పిల్లలు ఒక్క వాక్యమే రాశారు. ఇందులో పిల్లల లోపం ఏమీ లేదు.

సామాన్యులు తమ అనుభవాలను నోటితో ఎలా చెబుతారో అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ శ్రద్ధగా పరిశీలించాడు. జాషువా వాలెట్‌స్కీతో కలిసి 1967లో ప్రచురించిన పత్రంలోను, 1972లో వచ్చిన తన పుస్తకంలోను ఆయన చెప్పినదాని సారం ఇది: వినేవాడి మనసులో కొన్ని ప్రశ్నలు పుడతాయి, కథలోని ఒక్కొక్క భాగమూ వాటిలో ఒకదానికి జవాబుగా నిలుస్తుంది. ఇది దేని గురించి? ఎవరు, ఎప్పుడు, ఎక్కడ? తరువాత ఏం జరిగింది? అయితే ఏమిటి? చివరికి ఏమైంది? వీటిలో నాలుగోదైన “అయితే ఏమిటి?” అన్నదే కథకు ప్రాణం. ఈ సంగతిని నాకు ఎందుకు చెబుతున్నావు, ఇందులో నీకు పట్టింపు ఏమిటి అని వినేవాడు లోలోపల అడుగుతూనే ఉంటాడు. దానికి జవాబు దొరకకపోతే వినడం మానేస్తాడు. మన తరగతుల్లో నల్లబల్ల మీద కనిపించే ప్రశ్నలలో రెండోది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, మూడోది పలుచగా ఉంటుంది, నాలుగోది “నీకు ఎలా అనిపించింది?” అనే రూపానికి కుదించుకుపోతుంది. దానికి పిల్లల దగ్గర సంతోషం, బాధ, భయం అనే మూడు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

అందుకని నా మొదటి సూచన: తిరునాళ్ళ మొత్తం గురించి అడగవద్దు, తిరునాళ్ళలో ఒక్క క్షణం గురించి అడగండి. ఆ అమ్మాయినే తీసుకుందాం. చెల్లెలి చేయి నీ చేతిలో చివరిసారి ఎప్పుడు ఉంది? చేయి ఎందుకు వదలవలసి వచ్చింది? లేదని నీకు ఎలా తెలిసింది? ముందు ఎక్కడ వెతికావు? అక్కడే ఎందుకు వెతికావు? అమ్మకు చెప్పావా, చెప్పడానికి జంకావా? దొరికినప్పుడు చెల్లెలు ఏం చేస్తోంది? నువ్వు మొదట అన్న మాట ఏమిటి? ఇక్కడ భావం గురించి నేరుగా ఒక్క ప్రశ్న కూడా లేదు. అయినా “అమ్మకు చెప్పకుండా ముందు జీళ్ళ కొట్టు వెనక్కి పరుగెత్తాను” అని ఆ అమ్మాయి రాస్తే, “నాకు చాలా భయం వేసింది” అన్న వాక్యం కంటే అందులోనే భయం ఎక్కువగా తెలుస్తుంది. పిల్లలకు భావాన్ని పేర్కొనే అలవాటు ఉంది కానీ, భావం వల్ల తాము చేసిన పనిని చెప్పే అలవాటు లేదు. ఆ అలవాటు ప్రశ్నల వల్లనే వస్తుంది.

రెండో సంగతి మరింత ముఖ్యమైనది. మంచి ప్రశ్న ముందుగా రాసిపెట్టుకున్న పట్టికలో ఉండదు, పిల్లవాడు అప్పుడే చెప్పిన మాటలోంచి పుడుతుంది. దీనికి మన ఇళ్ళలోనే గొప్ప నమూనా ఉంది. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు అరుదు. రాజుగారి కొడుకులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండలేదు. చేపా, ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డం వచ్చింది. గడ్డిమేటా, ఎందుకు అడ్డం వచ్చావు? ఆవు మేయలేదు. అలా అడుగుతూ అడుగుతూ చీమ దాకా వెళతాం. కథంతా ప్రశ్నల మీదనే నడుస్తుంది, ప్రతి ప్రశ్నా ముందు వచ్చిన జవాబును పట్టుకునే పుడుతుంది. అడిగేవాడి చేతిలో ప్రశ్నల కాగితం ఉండి, గడ్డిమేటు మాట రాగానే దాన్ని వదిలేసి “చేప ఏ రంగులో ఉంది?” అని అడిగి ఉంటే ఆ కథ చీమ దాకా వెళ్ళేదే కాదు. నేను శిక్షణార్థులకు ఈ కథను ముందు చెప్పించి, తరువాత అందులోని ప్రశ్నలను మాత్రమే విడిగా రాయించేవాణ్ణి. కారణకార్య సంబంధం అంటే ఏమిటో, ఒక జవాబు మరో ప్రశ్నకు దారి ఎలా ఇస్తుందో వాళ్ళకు వేరే ఉపన్యాసం అవసరం లేకుండానే అర్థమయ్యేది. మీ ఏడో తరగతిలోనూ ఒక పీరియడు దీనికి కేటాయించండి. పిల్లలు దీన్ని చిన్నపిల్లల కథ అని తేలిగ్గా తీసుకోవచ్చు, అయినా చేయించండి.


సమాధానం 2: ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), ప్రాథమిక పాఠశాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

మేడమ్ గారూ, భోజన సమయంలో మీరు విన్న కథకు, నోటుపుస్తకంలో మీరు చూసిన రాతకు మధ్య తేడా ఎక్కడిదో నా అనుభవం నుంచి చెబుతాను. భోజనం దగ్గర ఆ అమ్మాయికి ఎదురుగా వినేవాళ్ళు ఉన్నారు. “అప్పుడు?” అని ఒకరు, “మీ అమ్మ తిట్టలేదా?” అని మరొకరు అడుగుతూ ఉంటారు. నోటుపుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఊకొట్టేవారు ఎవరూ లేరు. మన పెద్దలు కథ చెప్పేటప్పుడు పిల్లలు “ఊ” అనడం ఆపితే “నిద్రపోయావా?” అని అడిగేవారు, కథ అక్కడితో ఆగేది. వినేవాడు కథలో అంత అవసరమైన భాగం.

కెనడా పరిశోధకులు కార్ల్ బెరైటర్, మార్లిన్ స్కార్డమాలియా 1987లో రచనాబోధనపై వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే విస్తారంగా చర్చించారు. సంభాషణలో ఎదుటివాడి మాట మనకు తరువాతి మాటను అందిస్తుంది, రాతలో ఆ అందింపు ఉండదు కనుక చిన్నపిల్లలు తమకు తెలిసినది ఇంకా ఎంతో మిగిలి ఉండగానే ఆగిపోతారని వారు వివరించారు. అంటే మూడు వాక్యాల దగ్గర ఆగిన పిల్లవాడికి విషయం లేదని అనుకోకూడదు. అతన్ని ముందుకు నడిపించే మనిషి పక్కన లేడంతే.

అందుకే నేను ప్రశ్నలను నల్లబల్ల మీద రాయను, పిల్లల చేతే అడిగిస్తాను. ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెడతాను. ఒకరు తమకు జరిగిన సంగతి చెప్పాలి, రెండోవారు ఊకొడుతూ వినాలి. కథ పూర్తయిన తరువాత విన్నవారు తమకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న రెండు ప్రశ్నలు అడగాలి. టీచరు మెచ్చుకుంటారని అడిగే ప్రశ్నలు వద్దని ముందే చెబుతాను. నాలుగో తరగతి పిల్లవాడు తమ మేక వాగులో పడిన సంగతి చెప్పినప్పుడు అతని జతగాడు “మేకను ఎవరు మేపుతున్నారు, నువ్వేనా?” అని అడిగాడు. కథ చెప్పిన పిల్లవాడు కొంతసేపు మాట్లాడలేదు. మేపుతున్నది తానే, ఆ సమయంలో గోలీలు ఆడుతున్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో ప్రమాద వార్తలా ఉన్నది కథగా మారింది. నేను ఎంత ఆలోచించి తయారు చేసుకున్నా ఆ ప్రశ్న నా కాగితం మీద ఉండేది కాదు.

మా బడిలో గోండి మాట్లాడే పిల్లలు ఎక్కువ. వారి చేత ముందు గోండిలోనే చెప్పిస్తాను, ప్రశ్నలు కూడా గోండిలోనే అడుక్కుంటారు, రాయడం మాత్రం తెలుగులో జరుగుతుంది. నేరుగా తెలుగులో చెప్పమన్నప్పుడు తమకు తెలుగులో తెలిసిన మాటలకు సరిపడేటంత కథే చెబుతారు. ఇంటిభాషలో చెప్పినప్పుడు కథ పూర్తిగా బయటికి వస్తుంది, ఆ తరువాత మాటల కోసం వెతుక్కుంటారు. తెలుగు మాట దొరకనిచోట గోండి మాటనే తెలుగు లిపిలో రాయనిస్తాను. మీ జిల్లాలో ఈ పరిస్థితి లేకపోవచ్చు కానీ, పిల్లల ఇంటి యాసకు కూడా ఇదే వర్తిస్తుంది. పాత్రల మాటలను అవ్వ ఎలా అన్నదో అలాగే రాయనివ్వండి.


సమాధానం 3: తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం

పై ఇద్దరి మాటలతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. కథ రాయడం ప్రశ్నలతో వస్తుందని నేను అనుకోను, కథలు చదవడంతో వస్తుంది. పాఠ్యపుస్తకంలోని ఒకటి రెండు కథలు తప్ప మరేమీ చదవని పిల్లవాడిని ఎన్ని ప్రశ్నలు అడిగినా, కథ ఎలా ఉంటుందన్న రూపం అతని మనసులో లేదు కనుక జవాబులే రాస్తాడు. ముందు గ్రంథాలయ పీరియడును గణితానికి ఇచ్చివేయడం మానాలి. వారానికి ఒక్క కథనైనా ఉపాధ్యాయుడే గట్టిగా చదివి వినిపించాలి.

ప్రశ్నలు వాడదలిస్తే పిల్లల కథల మీద కాకుండా, చదివిన కథల మీద వాడండి. అదీ ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అన్న ప్రశ్న కాదు. ఈ కథ ఎక్కడ మొదలైంది, అంతకుముందు జరిగినదాన్ని రచయిత ఎప్పుడు చెప్పాడు, ఎందుకు అప్పటిదాకా దాచాడు అని అడగండి. మా ఊరి గురజాడ 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’నే చూడండి. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన భర్త తలుపు తీయమని పిలవడంతో కథ మొదలవుతుంది. అతనెవరు, ఏం చదువుకున్నాడు, పెళ్ళి ఎప్పుడయింది అన్న వివరాలేవీ ముందు ఉండవు. తలుపు ఎందుకు తెరుచుకోలేదన్న ప్రశ్న పాఠకుడిలో పుడుతుంది, ఆ ప్రశ్నే అతన్ని లోపలికి తీసుకుపోతుంది. ఇది గమనించిన పిల్లవాడు “మా ఊళ్ళో తిరునాళ్ళ జరిగింది” అని మొదలుపెట్టడు, చెల్లెలు కనిపించని క్షణం దగ్గర మొదలుపెడతాడు. రాసేవాడికి మనం ఇచ్చే ప్రశ్నల కన్నా, చదివేవాడిలో ఏ ప్రశ్న పుట్టించాలో రాసేవాడు తెలుసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం.


సమాధానం 4: భాషాపండితురాలు, ఉన్నత పాఠశాల, నల్గొండ జిల్లా

విజయనగరం సోదరుడు చెప్పిన చదివే అలవాటు విషయంలో సందేహం లేదు. అయితే ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లలకు ఆ అలవాటు ఏర్పడే వరకు రాయించడం ఆపలేము కదా. రెండూ కలిసి సాగాలి.

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి చెప్పదలచాను. అది వాక్యనిర్మాణం. మార్గదర్శక ప్రశ్నలకు వచ్చే జవాబులన్నీ విడివిడి సామాన్య వాక్యాలుగా వస్తాయి. పిల్లలు వాటిని ‘తరువాత’, ‘అప్పుడు’ అనే మాటలతో అతికిస్తారు. ప్రశ్నల పద్ధతి మీద మనందరికీ ఉన్న అసంతృప్తికి సగం కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. తెలుగు కథనం అసమాపక క్రియల మీద, అంటే వాక్యాన్ని ముగించకుండా తరువాతి పనికి కలిపే క్రియల మీద నడుస్తుంది. మనం వ్యాకరణం పీరియడులో క్త్వార్థకం (చేసి), శత్రర్థకం (చేస్తూ), చేదర్థకం (చేస్తే), అప్యర్థకం (చేసినా) అని పేర్లు చెప్పి, ఉదాహరణలు గుర్తించమని అడిగి వదిలేస్తాం. ఆ పాఠం కథ రాసేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు.

ప్రశ్నను ఏ క్రియారూపంతో అడిగితే జవాబు ఆ రూపంలోనే వస్తుందన్నది నేను గమనించిన విషయం. “ఏం చేశావు?” అని అడిగితే “డబ్బులు ఇచ్చాను” అని వస్తుంది. “ఏం చేస్తూ ఉండగా చేయి వదిలావు?” అని అడిగితే “డబ్బులు ఇస్తూ చేయి వదిలాను” అని వస్తుంది, రెండు పనులు ఒకే క్షణంలో జరిగిన సంగతి వాక్యంలోనే తెలుస్తుంది. “ఏమేమి చేసి అక్కడికి చేరావు?” అన్న ప్రశ్నకు “జనాన్ని తోసుకుని, ప్రభల పక్కనుంచి పరుగెత్తి, మైకు దగ్గరికి వెళ్ళాను” అన్న జవాబు వస్తుంది, వేగం దానంతట అదే వస్తుంది. “ఎటు చూస్తే ఏం కనిపించింది?” అన్నది చేదర్థకాన్ని తెస్తుంది.

నాలుగోదైన అప్యర్థకానికి కథలో ప్రత్యేకమైన స్థానం ఉంది. “ఏం చేసినా ఏది జరగలేదు?” అని అడిగి చూడండి. “ఎంత పిలిచినా పలకలేదు”, “రంగులరాట్నం దగ్గర వెతికినా కనిపించలేదు”, “అడిగినా ఎవరూ చూడలేదన్నారు” అని రాస్తారు. ప్రయత్నం, దానికి ఎదురైన ఆటంకం రెండూ ఆ ఒక్క రూపంలో ఇమిడి ఉన్నాయి. పిల్లల కథల్లో ఎప్పుడూ కనిపించని భాగం ఇదే. వాళ్ళ కథల్లో ఏదైనా తప్పిపోతుంది, వెంటనే దొరుకుతుంది. మధ్యలో విఫలమైన ప్రయత్నాలు ఉండవు. మా ఎనిమిదో తరగతిలో కథ రాసిన ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్నను తప్పనిసరి చేశాను, మిగిలినవి పిల్లల ఇష్టానికి వదిలాను. వ్యాకరణాంశం పేరు చెప్పమంటే ఇంకా తడబడతారు కానీ, దాన్ని వాడవలసిన చోట వాడుతున్నారు. నాకు అదే ముఖ్యం.

అలాగే “అప్పుడు ఆమె ఏమంది?” అని అడిగినప్పుడు చాలామంది “తిట్టింది” అని రాస్తారు. ఏ మాటలతో తిట్టిందో ఆ మాటలనే రాయమనాలి. ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం పాఠానికి ఇంతకంటే సహజమైన సందర్భం దొరకదు.


సమాధానం 5: వారాంతపు తెలుగు తరగతుల ఉపాధ్యాయిని, టెక్సాస్, అమెరికా

అందరికీ నమస్కారం. ఇక్కడ పుట్టి పెరిగిన పది పన్నెండేళ్ళ పిల్లలకు నేను వారాంతాల్లో తెలుగు నేర్పుతున్నాను. వీరికి కథ ఎలా రాయాలో తెలుసు, బడిలో ఇంగ్లీషులో చక్కగా రాస్తారు. లేనిదల్లా తెలుగు మాటలే. అందువల్ల నేను వాడే ప్రశ్నలు వేరు. జవాబులో రావలసిన మాటను ప్రశ్నలోనే అందిస్తాను. “అమ్మమ్మగారి ఊళ్ళో నీ కాలు జారిందా, తట్టుకుని పడ్డావా?” అని అడిగితే రెండు క్రియలు వినిపిస్తాయి, పిల్లవాడు ఒకటి ఎంచుకుంటాడు. “ఎలా పడ్డావు?” అని అడిగితే భుజాలు ఎగరేసి ఊరుకుంటాడు.

నల్గొండ మేడమ్ గారు చెప్పిన క్రియారూపాల ప్రశ్నలు ఈ పిల్లలకు మరీ ఉపయోగపడతాయి. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాయడం వల్ల వీరి ప్రతి వాక్యమూ ‘మరియు’తో సాగుతుంది. ‘చేసి’, ‘చేస్తూ’ అని ప్రశ్నలోనే వినిపిస్తే ఆ ‘మరియు’ తగ్గుతుందని నాకు అనిపిస్తోంది. తప్పక ప్రయత్నిస్తాను.


తిరిగి ప్రశ్న అడిగినవారు: తెలుగు ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

ఇంత శ్రద్ధగా సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఆసిఫాబాద్ సర్ చెప్పిన జతల పద్ధతిని మా ఏడో తరగతిలో అమలు చేశాను. గోల ఎక్కువైంది, పక్క తరగతి నుంచి అభ్యంతరం వచ్చింది, అందువల్ల పిల్లలను వేపచెట్టు కిందికి తీసుకువెళ్ళాను. చెల్లెలు తప్పిపోయిన అమ్మాయి ఈసారి రాసిన మొదటి పేరా ఇది: “జీళ్ళ కొట్టతనికి పది రూపాయలు ఇస్తూ చెల్లి చేయి వదిలాను. పొట్లం తీసుకుని ఇటు తిరిగితే చెల్లి లేదు. ఎంత పిలిచినా మైకు చప్పుడులో నా మాట నాకే వినపడలేదు.” నేను దిద్దింది అక్షరదోషాలు మాత్రమే.

అయితే అందరి విషయంలో ఇలా జరగలేదు. జతగాడు మంచి ప్రశ్న అడిగినవారి కథలు బాగా వచ్చాయి, మొహమాటపడేవారి జతలో ఇద్దరికీ పెద్దగా మార్పు రాలేదు. నాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ప్రశ్నలకు అలవాటుపడిన పిల్లలు పరీక్షలో ప్రశ్నలు లేకుండా ఎలా రాస్తారు? ఇంత భిన్నంగా వచ్చిన కథలకు మార్కులు ఏ ప్రాతిపదికన వేయాలి?


సమాధానం 6: విశ్రాంత డైట్ అధ్యాపకుడు, గుంటూరు

అమ్మా, ఆ పేరా చదివి చాలా సంతోషించాను. మైకు చప్పుడులో తన మాట తనకే వినపడలేదన్నది ఏ ప్రశ్నా అడిగి రాబట్టలేని వాక్యం.

మొహమాటపడే జతల విషయం ముందు చెబుతాను. అక్కడ మీరే మూడో మనిషిగా కూర్చోండి. తరగతి అంతటికీ ఒకేసారి చేయలేరు కనుక రోజుకు రెండు మూడు జతల దగ్గర కూర్చుంటే చాలు. వారి కథను గురించి ఒక్క ప్రశ్న అడిగి లేచి వెళ్ళండి. రెండో ప్రశ్న కూడా మీరే అడిగితే అది మౌఖిక పరీక్షగా మారుతుంది.

ఇక ప్రశ్నలను మానేయడం గురించి. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో ప్రచురించిన పరిశోధనలో మూడు, నాలుగు, అయిదేళ్ళ పిల్లల చేత చెక్క దిమ్మెలతో పిరమిడ్ కట్టించారు. పెద్దలు అందించే ఇలాంటి తోడ్పాటును మేస్త్రీలు కట్టే పరంజాతో పోల్చింది వారే. పిల్లవాడికి ఇంకా చేతకాని భాగాన్ని మాత్రమే పెద్దవారు చూసుకోవాలి, చేతనైన భాగాన్ని అతనికి వదిలివేయాలి అన్నది అందులోని ప్రధానమైన సంగతి. దీన్నిబట్టి తరగతి అంతటికీ ఒకే రోజున ప్రశ్నలు మానేయడం సరికాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నవి అడగకుండానే రాస్తున్న పిల్లవాడిని వాటి గురించి ఇక అడగవద్దు. ఆటంకం గురించి ఇంకా రాయలేకపోతుంటే ఆ ప్రశ్న మాత్రం కొనసాగించండి. ఒకే తరగతిలో ఒకరికి నాలుగు ప్రశ్నలు, మరొకరికి ఒక్కటి, ఇంకొకరికి ఏమీ లేకపోవడం తప్పేమీ కాదు.

పరీక్ష గురించి మీ ఆందోళన సహజమే. దానికి నేను చేయించిన పద్ధతి చెబుతాను. పిల్లవాడు కథ రాసిన తరువాత, తన కథ చదివేవారు ఏమి అడుగుతారో తానే ఊహించి మూడు ప్రశ్నలు పేజీ అంచున రాయాలి. తరువాత వాటికి జవాబులు కథలో చేర్చాలి, జవాబు అక్కరలేదని తోచిన ప్రశ్నను కొట్టివేయాలి. మొదట్లో ఆ ప్రశ్నలు పేలవంగా ఉంటాయి. జతలలో అడిగిన అనుభవం ఉన్న పిల్లలకు త్వరలోనే పదును వస్తుంది. పరీక్ష గదిలో జతగాడు ఉండడు కానీ, జవాబుపత్రం అంచున ప్రశ్నలు రాసుకోవడాన్ని ఎవరూ కాదనరు. విజయనగరం మిత్రుడు కోరిన పాఠకుడి దృష్టి కూడా ఈ మార్గంలోనే ఏర్పడుతుందని నా నమ్మకం.

మార్కుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఫార్మేటివ్ మదింపులో, అంటే బోధన సాగుతుండగానే చేసే మదింపులో, కథ పొడవును, ప్రశ్నలన్నిటికీ జవాబు ఉందా లేదా అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. మొదటి ప్రతిని, తిరగరాసిన ప్రతిని పక్కపక్కన పెట్టి, ఎక్కడ మార్చాడు, ఆ మార్పు వల్ల చదివేవారికి ఏమి అదనంగా తెలిసింది అన్నది చూడండి. అక్షరదోషాలకు విడిగా కొంత కేటాయించండి, కానీ వాటి కోసం కథ మార్కులను కోయవద్దు. మొదటి ప్రతి మీద ఎర్ర సిరా అసలే పెట్టకండి. అక్కడ పెన్సిలుతో ఒక్క ప్రశ్న మాత్రం రాసి పుస్తకాన్ని తిరిగి ఇవ్వండి.